కిటికీ వైపు తిప్పిన కుర్చీ

మా కంప్యూటర్ సార్ పోయారని భూపాలపల్లి దవాఖాన నుంచి నర్సక్క ఫోన్ చేసింది. "ఊపిరి అందలే బిడ్డా" అంది.

డోర్నకల్ కాన్వెంటులో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. "మాటలు రాకుంటే ఏంది, రాయి" అని కీబోర్డు నా వైపు జరిపింది సార్ ఒక్కరే.

రిటైరయ్యాక సార్ భూపాలపల్లిలో ఉన్నారు. అక్కడి చిన్న దవాఖానలో ఊపిరితిత్తులను పరీక్షించే యంత్రం మూలన పడి ఉంది. యంత్రం మంచిదే. దాని ప్రోగ్రాం మాత్రం ఒక కంపెనీ పాత కంప్యూటర్ సిస్టం మీదే నడుస్తుంది, కంపెనీ ఆ సిస్టంను ఎప్పుడో వదిలేసింది. ఊపిరి గీత గీయడానికి, అంకె చూపడానికి ప్రోగ్రాం వాడుకునే ఆ సిస్టం లైబ్రరీలను, అంటే సిద్ధంగా ఉండే కోడ్ భాగాలను, సార్ కొత్తగా రాయసాగారు, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా. అవి పూర్తయ్యేదాకా బొగ్గు గని దుమ్ము మింగినవాళ్లంతా పరీక్షకు వరంగల్ పోవాలి. దగ్గుతూ సార్ కూడా అదే బస్సెక్కేవారు.

గీత గీసే భాగం ఒక్కటే మిగిలినప్పుడు, పాత విద్యార్థి ఒకడు కంపెనీ బయటికివ్వని అసలు కోడ్ సంపాదించి పంపాడు. అదేమిటో తెలియక సార్ తెరిచి కొంత చదివేశారు. వెంటనే కుర్చీలోంచి లేచి, సాయానికి వచ్చిన నాతో అన్నారు.

"ఇగ నేను రాయొద్దు. సూసినోడు రాస్తే నకలే. రేపు కంపెనోళ్లు గిది మాదంటే ఏ దవాఖానా ముట్టదు. నువ్వు సూడలే. నువ్వే రాయాలె."

నాకున్న ఆధారం పాత రిపోర్టు కాగితాల మీది గీతలే. ముక్కలు ముక్కలుగా గీసే నా గీత అతుకు అతుకుకీ తెగేది. ఎందుకో, ఆ కోడ్ చదివిన సార్‌కి తెలుసు. నేను రాస్తున్నంతసేపు కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చునేవారు.

"ఏంది సారూ, పిల్ల మీద అలిగినవా?" అనేది నర్సక్క.

"అలగలే అక్కా. నా మొఖం చాడీలు చెప్తది."

చివరిసారి మంచం మీద చూశాను. "ఇంకా తెగుతోంది సార్" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగారు. ఊపిరికి భుజాలు ఎగిరిపడుతున్నాయి.

సార్ పోయాక వచ్చిన ఆదివారం నాకు అర్థమైంది. గీతలో ప్రతి ముక్కా తన చివరి చుక్కను తర్వాతి ముక్కకు వదలాలి. నేను వదలలేదు. అతుకు దగ్గర రెండుసార్లు పడిన చుక్క చెరిగిపోతోంది.

సరిచేశాక నర్సక్క యంత్రం గొట్టంలోకి ఊదింది. గీత తెగకుండా లేచి, మెల్లగా దిగి, అడుగుకు ఆనింది.

"అయిందా?" అంది.

సార్‌కి చెబుదామని పక్కకు తిరిగాను. కుర్చీ ఇంకా కిటికీ వైపే ఉంది.