ఎడమ చేతికి కట్టిన సంచి

అరకు సంతబజారులో నాది టైలరు కొట్టు. మేం విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం. మిషను కుట్టడం మా ఆవిడకీ వచ్చు గానీ కత్తెర మాత్రం ముట్టుకోదు. ఒకసారి తప్పు కోస్తే గుడ్డ మళ్లీ అతకదని ఆవిడ భయం. అందుకే ఘాట్ రోడ్డు మలుపులో బండి జారి నా తల రాయికి కొట్టుకున్నాక, ప్రాణం దక్కింది చాలని అందరూ దండాలు పెడుతుంటే నేను నా కుడి చేతిని చూసుకుంటూ కూర్చున్నాను. మెదడుకి ఎడమ పక్క దెబ్బ తగిలితే కుడి చెయ్యి పడిపోతుందట. ఆ చెయ్యి కత్తెర పట్టకపోతే మా కొట్టు లేనట్టే. నాకు అసలే కోపం ఎక్కువ. చెప్పిన మాట వినని చేతిని రోజూ తిట్టుకునేవాణ్ణి.

కొన్నాళ్లకి విశాఖలో ఒక ఆస్పత్రివాళ్లు పరిశోధన చేస్తున్నారని తెలిసి వెళ్లాం. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని మూలకణాల్ని వేరు చేసి, తిరిగి నరంలోకి ఎక్కిస్తారు. వాటివల్ల మెదడు కోలుకుంటుందో లేదో స్కానింగుల్లో చూస్తారు. డాక్టరమ్మ కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. మూలుగ అందరికీ తీస్తారు. కణాలు మాత్రం కొందరికే ఎక్కిస్తారు, మిగతావాళ్లకి ఉత్త సెలైను. ఎవరికి ఏది వెళ్లిందో ఏడాది దాకా రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఇదేం దాగుడుమూతలు అనిపించింది. అయినా ఒప్పుకున్నాను.

మొదటి స్కానింగులో నన్ను గొట్టంలాంటి మిషన్లోకి తోసి, తల కదపకుండా కుడి చేత్తో రబ్బరు బంతి నొక్కమన్నారు. నొక్కాననే అనుకున్నాను. తరవాత డాక్టరమ్మ తెరమీద నా మెదడు చూపించింది. చేతిని కదిపే చోటు పనిచేస్తే అక్కడ రంగు తేలుతుందట. నాకు తేలింది ఒక చిన్న మరక. సీసాలో ఏముందో కనపడకుండా కవరు తొడిగి ఎక్కించిన రోజున, ఒళ్లు వెచ్చబడింది కాబట్టి నాకు కణాలే వెళ్లాయని మా ఆవిడతో వాదించాను. వాదనలో నేను ఎప్పుడూ ఓడిపోను.

ఫిజియోథెరపీ అమ్మాయి ఇంకో పని చెప్పింది. మంచి చేతిని రోజులో ఎక్కువసేపు సంచిలో కట్టేసి ఉంచాలి, అప్పుడే రెండోది పనికి దిగుతుంది. మా ఆవిడ మిగిలిన జాకెట్టు ముక్కలతో ఎర్ర సంచి కుట్టి, నా ఎడమ చేతికి తొడిగి నాడా బిగించింది. ఇంట్లో ఆ సంచితో పెద్ద ఉపయోగం లేకపోయింది. నేను చెయ్యి ఎత్తేలోపే ఆవిడ గ్లాసు నోటికి అందించేది, బొత్తాలు పెట్టేసేది.

శుక్రవారం సంత వేరు. కొండ ఊళ్ల ఆడవాళ్లు పిప్పళ్లు, అల్లం, రాజ్మా అమ్ముకోడానికి దిగి, జాకెట్టు గుడ్డలు పట్టుకుని మా కొట్టుకి వస్తారు. కోత వేరే టైలరుచేత చేయించి మా ఆవిడ కుట్టి ఇచ్చేది. నేను నెలల తరబడి కనపడలేదు గనక ఏం జరిగిందో వాళ్లకి సరిగా తెలియదు. కొట్లోనూ నా ఎడమ చెయ్యి సంచిలోనే ఉండేది కాబట్టి, గుడ్డముక్క తెచ్చి కుడి చేతికేసి చాపేవాళ్లు. చెయ్యి లేచేది కాదు. బల్ల మీద పెట్టమంటే పెట్టరు. కొత్తగుడ్డ మనిషి చేతికివ్వాలి గానీ చెక్కకిస్తారా అనేవాళ్లు. ఏ తొందరా లేకుండా అలాగే నిలబడేవాళ్లు. ఒక ముసలమ్మ అయితే ప్రతి వారం నాకని గుప్పెడు రాజ్మా గింజలు తెచ్చి నా అరచేతిలో పోసి, వేళ్లు మూసేదాకా చూసేది. సగం కిందపడేవి. ఏరి మళ్లీ పోసేది. ఆవిణ్ణి చూస్తేనే నాకు ఒళ్లు మండేది. ఒకసారి కసురుకున్నాను కూడా. ఆవిడ చుట్ట ముట్టించుకుని, నా కోపం తగ్గాక మళ్లీ పోసింది.

సీసా ఎక్కించిన ఎనిమిదో నెలలో సంచి విప్పుకుని ఒక చేతిగుడ్డ కత్తిరించాను. వంకరగా వచ్చింది. పదకొండో నెలకి జాకెట్లు కత్తిరిస్తున్నాను. ఏడాది స్కానింగులో మునుపు మరక ఉన్నచోట రంగు బాగా పరుచుకుంది. డాక్టరమ్మ సంబరపడి, ఇక సంచి అక్కర్లేదంది. ఆ తరవాత నా వివరాలున్న కవరు తెరిపించింది. నాకు వెళ్లింది సెలైను.

ముందే చెప్పి చేసిందే, అయినా నా నోరు ఆగలేదు. ఎముక తొలిచి ఉప్పునీళ్లు పోస్తారా అని గదిలో అరిచాను. డాక్టరమ్మ అంతా విని, "మీలాంటివాళ్లు లేకపోతే, బాగుపడ్డ ప్రతి చెయ్యీ కణాల వల్లే లేచిందని మేం రాసేసుకుంటాం," అంది. కణాలు పొందినవాళ్ల సంగతి ఇంకా తేలలేదని కూడా దాచకుండా చెప్పింది. మరి నా చెయ్యి ఎలా లేచిందని గొణుక్కుంటూ అరకు బస్సెక్కాను.

ఆ శుక్రవారం ముసలమ్మ వచ్చింది. సంచి తీసేసిన నా ఎడమ చేతిని పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది.

"బాగైపోనాది బాబూ ఎడం సెయ్యి. శానా దినాలు కట్టుకున్నావు."

సంతకొచ్చే ఆడవాళ్లంతా సంచిలో ఉన్నదే దెబ్బతిన్న చెయ్యి అనుకున్నారట. కుడిది బాగానే ఉందని, టైలరుబాబుకి కాస్త బద్ధకమని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవారట. మా ఆవిడ మిషను ఆపి మరీ నవ్వింది. నాకు కళ్లంట నీళ్లొచ్చాయి. పాడైంది ఎడమది కాదని, ముసలమ్మ గింజలు పోసిన చెయ్యేనని చెప్పాను.

ముసలమ్మ మొహం చిన్నబోయింది. నా కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అయ్యో, తెలిసుంటే బల్ల మీదే పెట్టీదాన్ని గదా బాబూ," అంది.