ఏడో ఫోటోలో పెళ్లికూతురి తల్లిదండ్రులు

నా భార్య ఎల్సాది యూరప్. పామర్రులో మా పెళ్లికి ఆమె అమ్మానాన్నలు రాలేకపోతే, పటమట మావయ్య, అత్తయ్య పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు.

ఆర్నెల్లకి ఎల్సా తల్లికి ఆపరేషన్ అన్నారు. తనతో వెళ్లడానికి ఫ్యామిలీ వీసాకి దరఖాస్తు చేశాను. ముప్ఫై ఒక్క కాగితాలు, పన్నెండు ఫోటోలు, ప్రతిదానికీ నంబరు, వివరం.

ఇంటర్వ్యూలో అధికారి ఏడో ఫోటో నా వైపు తిప్పాడు. “పెళ్లికూతురి తల్లిదండ్రులు అని రాశారు. ఆమె బర్త్ సర్టిఫికెట్లో పేర్లు వేరే. ఏది అబద్ధం?”

“వాళ్లు మా మేనమామ వాళ్లండీ. కన్యాదానానికి...”

“అంటే అద్దె తల్లిదండ్రులు. పెళ్లి కూడా అలాంటిదేనా?”

వీసా రాలేదు. ఎల్సా ఒక్కతే బయల్దేరింది. గన్నవరం ఎయిర్‌పోర్టులో మావయ్య నా మీద విరుచుకుపడ్డాడు. “ఇంత చదివి కాగితాలు సరిగ్గా పెట్టడం రాదట్రా? మా పిల్లని ఒంటరిగా పంపుతావా?”

అధికారికి చెప్పబోయినట్టు ఆయనకి సంజాయిషీ చెప్పలేదు. కూతుర్నిచ్చినవాళ్లు అలాగే అడుగుతారు.