బీబిజార్ ఊదిన పళ్లేలు

బీబిజార్ కణాలు పెంచే పళ్లేల మీద మంత్రం ఊదుతుందని మా సెమెయ్ ఊరి పరిశోధనశాలలో చెప్పుకునేవారు. వాళ్ల నాయనమ్మ ఊది జబ్బులు తగ్గించేదట. అందుకే కిరణాలు పట్టించినా బీబిజార్ కణాలు చావవట.

నేను అక్కడ గాజుసామాను కడిగేదాన్ని. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. బీబిజార్‌దీ అంతే. నేను చేరేదాకా నా సింకు దగ్గరే నిలబడి కడిగిన మనిషి, ఆ తర్వాత తెల్లకోటు వేసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. ఆ కుర్చీ చూస్తేనే నాకు కడుపు మండేది.

దాని పక్క కుర్చీ ఖాళీ అయింది. "ఒక వారం నువ్వు చూడు. పళ్లేలు సరిగ్గా వస్తే కుర్చీ నీదే" అంది పరిశోధనశాల పెద్ద ఉల్‌మెకెన్ మేడం.

కిరణాలు పడితే కణంలో ఉన్న ఇనుము దాని పొరలోని కొవ్వును పాడుచేస్తుంది. పొర చిల్లులు పడి కణం చస్తుంది. ఇనుమును పట్టి ఉంచే మందు వేస్తే చాలావరకు బతకాలి. సగం పళ్లేల్లో మందు వేశాను. వేసినవీ చచ్చాయి, వేయనివీ చచ్చాయి. బీబిజార్ మందు పళ్లేలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

టీ దగ్గర డ్రైవర్ యెర్జిగిత్ అన్నాడు: "నువ్వూ కాస్త ఊదకపోయావా పిల్లా?"

"ఊదితే నీ టీ చల్లారుద్ది, అంతే" అంది బీబిజార్. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ మంత్రమేదో పట్టుకుందామని మర్నాడు గంట ముందే వెళ్లాను. బీబిజార్ సింకు దగ్గరుంది. నేను కడిగి బోర్లించిన, కణాలకు పోసే ద్రవం పట్టే సీసాలను డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడుగుతోంది. ఆ నీళ్లు మంచులా ఉంటాయని నేను చివరి కడుగు వేడి కుళాయి కిందే కానిచ్చేదాన్ని. చలికాలం ఆ కుళాయిలో వచ్చేవి తుప్పునీళ్లు. తుప్పంటే ఇనుమే, మందు పట్టలేనంత.

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"నువ్వు చేరినప్పటి నుంచి." వెనక్కి తిరగలేదు.

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే మేడం దాకా పోద్ది. నీకున్న పనీ ఊడుద్ది."

"మరి నా వారంలో?"

చేతులు తుడుచుకుంది. వేళ్లు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"ఆ కుర్చీ నాకు నాలుగేళ్లు పట్టింది. నీకు వారమా?"

ఖాళీ కుర్చీలోకి అల్మాటీ నగరం నుంచి ఎవరో వచ్చారు. నేను సింకు దగ్గరే ఉండిపోయాను. నేను చేరిన నాటి నుంచి ఆ రోజు దాకా రెండేళ్లు, ఆ ఒక్క వారం నేను వాడుకున్నవి తప్ప, నా సీసాలన్నిటికీ చివరి కడుగు బీబిజార్‌దే.