రమీరోకు కప్పిన శాలువా

నిక్షేపంగా ఉండి, మర్నాడు మ్యాచ్ ఆడబోతున్న ఒక టెన్నిస్ ఆటగాణ్ణి పదకొండు నిమిషాల్లో రిటైర్ చేసిన మనిషిని నేను. ఆయన అనుమతి తీసుకోలేదు. ముందుగా చెప్పనూ లేదు. పైపెచ్చు పులిహోర కూడా పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే మూడేళ్ళ తరువాత ఈనాటికీ నాకు మొదట కోపం వస్తుంది, తరువాత సిగ్గు వస్తుంది, ఆ సిగ్గు కలిగించినందుకు లోకం మీద మళ్ళీ కోపం వస్తుంది. మీకు మాత్రం నవ్వే వస్తుందని తెలుసు. కానివ్వండి.

మా వంశంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అటువంటివాడికి ఒక జబ్బు ఉంటుంది. ఏ పని చేసినా పద్ధతి ప్రకారం, లిఖితపూర్వకంగా, అడుగున తేదీతో సహా చేయాలనుకుంటాడు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివి, రిచ్‌మండ్ హిల్‌లో జరిగే ఒక చిన్న ఇండోర్ టెన్నిస్ టోర్నమెంటులో, ఆటగాళ్ళ సహాయ డెస్కు దగ్గర మూడు నెలల కాంట్రాక్టు సంపాదించాను. ప్రాక్టీసుకు కోర్టులు కేటాయించడం, తువ్వాళ్ళు ఇవ్వడం, ఎవరికైనా మోకాలు నొప్పి పుడితే ఐసు తెప్పించడం నా విధులు. నేను ఆ డెస్కును రాయబార కార్యాలయంలాగా నడిపాను. ఐసు ముక్కలకు కూడా రిజిస్టరు పెట్టాను.

అక్కడికి రమీరో వచ్చాడు. స్పెయిన్ దేశస్థుడు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. పెద్ద కప్పు ఒక్కటీ గెలవలేదు గాని, పెద్ద కప్పులు గెలిచినవాళ్ళకు చెమటలు పట్టించాడు. నా పన్నెండో ఏట పొరుగింటి టీవీలో ఆయన ఐదు గంటలు ఆడి ఓడిపోవడం చూశాను. గెలిచినవాడెవరో నాకు ఇప్పుడు గుర్తు లేదు.

రమీరో మా చిన్న టోర్నమెంటుకు రావడానికి కారణం ఉంది. ఆ తరువాతి వారం ఒక పెద్ద టోర్నమెంటు. అందులో ఒక్క వైల్డ్ కార్డు మిగిలింది, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోటు. అది ఆయనకే ఇస్తామని నోటిమాటగా చెప్పారు. ఆ చోటు పోతే ఆ ఏడాది ఆయనకు పెద్ద కోర్టు మీద అడుగు పెట్టే దారి లేదు. ఆ వయసులో ఒక ఏడాది పోవడమంటే అన్నీ పోయినట్టే. అదే చోటుకు రెండో పేరు కూడా ఉంది: ఇకేర్, పద్దెనిమిదేళ్ళు, అతనిదీ స్పెయినే. ఎవరు ఎవరితో ఆడాలో తీసిన మా డ్రాలో మొదటి రౌండులోనే ఇద్దరికీ పోటీ పడింది.

నా కోపం అక్కడ మొదలైంది. మిల్టన్ నుంచి రోజూ రైలెక్కి, మధ్యలో మరొకటి మారి పనికి వెళ్ళేవాణ్ణి. దారి పొడుగునా చెవిలో ఒక టెన్నిస్ పాడ్‌కాస్టు. అందులో ఇద్దరు మహానుభావులు. "స్పెయిన్‌లో కుర్రాళ్ళు కుళాయి తిప్పితే వస్తున్నారు" అంటాడు ఒకడు. "ముసలాళ్ళు గౌరవంగా తప్పుకోవాలి కదా" అంటాడు రెండోవాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు ముసలివాడట. మా నాన్న ఆ వయసులో కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఒళ్ళు మండి వాళ్ళకు మూడు పేజీల ఉత్తరం రాశాను, పేరాలకు అంకెలు వేసి. సమాధానంగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.

ఆ సాయంత్రం నా ఆవేశం డాక్టర్ పద్మనాభం గారి చెవిన పడింది. నేను అద్దెకున్న బేస్‌మెంటు ఆయనదే. రిటైరైన సర్జను, మా ప్రాంతపు తెలుగు సంఘానికి అధ్యక్షుడు.

"ఏమయ్యా ప్రకాశం, మెట్ల మీద అలా దబదబా నడుస్తున్నావు? ఇల్లు కొత్తది."

"రమీరోను తప్పుకోమంటున్నారు అంకుల్."

"ఎవరాయన? మీ మేనేజరా?"

రమీరో ఎవరో ఇరవై నిమిషాలు చెప్పాను. ఆయన ఓపికగా విని, రోగి నాడి చూసినట్టు నా ముఖం చూశాడు.

"ఆయన మీద నీకు గౌరవం ఉందా?"

"ప్రాణం అంకుల్."

"ఉంటే చూపించాలి. ఇలా నా మెట్ల మీద చూపిస్తే ఆయనకు తెలుస్తుందా? సన్మానం చేసేద్దాం."

"ఆయన ఒప్పుకుంటాడా?"

"సన్మానం వద్దన్న మనిషిని నేను చూడలేదయ్యా. మత్తు మందు ఇచ్చినా లేచి వస్తారు."

అలా అంటూనే బీరువా తెరిచాడు. అందులో పాతికకు తక్కువ కాకుండా శాలువాలు. అన్నీ ఆయనకు ఎవరెవరో కప్పినవి. వాటిలోంచి జరీ అంచు ఆకుపచ్చది ఒకటి తీశాడు. "ఇది ఒక్కసారే వాడింది" అన్నాడు, కారు అమ్మేవాడిలాగా.

సన్మానపత్రం రాసే బాధ్యత నాది. పద్ధతి తెలియకుండా ఏ పనీ చేయనివాణ్ణి కాబట్టి నమూనా అడిగాను. డాక్టర్ గారి హాల్లో గోడకు ఒక సన్మానపత్రం ఫ్రేము కట్టి ఉంది. ఆయన ఆసుపత్రి నుంచి పదవీ విరమణ చేసినప్పటిది. దాన్ని దించి, తుడిచి, వాక్యం తరువాత వాక్యం ఎత్తి రాశాను. 'శస్త్రచికిత్స' ఉన్నచోట 'సర్వీస్' అన్నాను. 'రోగి' ఉన్నచోట 'ప్రత్యర్థి' అన్నాను. మిగతాది ముట్టుకోలేదు. అంత చక్కని భాషను మార్చడానికి నాకు మనసొప్పలేదు. పదవీ విరమణ పత్రాన్ని నమూనాగా పెట్టుకుంటే బయటికి వచ్చేది కూడా పదవీ విరమణ పత్రమేనన్న సంగతి, యూనివర్సిటీ చదువు పూర్తి చేసిన ఈ బుర్రకు తట్టలేదు. మీకు ఎప్పుడో తట్టింది కదా. అందుకే మీ మీద కూడా నాకు కొంచెం కోపం.

మర్నాడు డెస్కు దగ్గర రమీరోను అడిగాను.

"మా తెలుగువాళ్ళు మిమ్మల్ని గౌరవించాలనుకుంటున్నారు సార్. సాయంత్రం, ఆటగాళ్ళ గదిలో, పది నిమిషాలు."

"నన్నా? ఎందుకు?"

"మీ ఆట అంటే మాకు గౌరవం కాబట్టి."

"గెలవకుండానే?" అని అడిగాడు. ఎంత సంతోషపడ్డాడంటే, ఆ ఐసు రిజిస్టరులో అడగకుండానే సంతకం పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం డాక్టర్ గారు, సంఘం సభ్యులు పన్నెండు మంది, రెండు ట్రేల పులిహోరతో వచ్చారు. టోర్నమెంటు డైరెక్టర్ లిండా వచ్చింది, నా కాంట్రాక్టు ఆవిడ చేతిలోనే ఉంది. స్థానిక పత్రిక విలేకరి కెమెరాతో వచ్చాడు. పులిహోర వాసనకు ఇకేర్ కూడా వచ్చి వెనక వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. రమీరో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. నేను పత్రం తెలుగులో చదివి, అందరికీ అర్థం కావాలని ఇంగ్లీషులోకి అనువదించాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన అనువాదం మరొకటి లేదు.

"సుదీర్ఘ సేవానంతరం అలసిన ఈ హస్తాలకు ఇకనైనా విశ్రాంతి లభించుగాక."

రమీరో చిరునవ్వు కొంచెం తగ్గింది.

"మీ చేతిలో పడిన ప్రతి ప్రత్యర్థీ క్షేమంగా, సంతోషంగా ఇల్లు చేరాడు."

వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"మీ శేషజీవితం మనుమల నడుమ ఆయురారోగ్యాలతో గడవాలని కోరుకుంటున్నాము."

రమీరో చేయి ఎత్తాడు, అంపైరును అడిగినట్టు. "మిగిలిన జీవితం అన్నావా?"

"అవును సార్. ప్రశాంతంగా."

"నాకు పెళ్ళే కాలేదు."

"కోరిక మాత్రమే సార్."

"నేను రేపు ఆడుతున్నాను" అన్నాడు ఆయన, గదిలో ఒక్కొక్కరినీ చూస్తూ.

డాక్టర్ గారు ఆప్యాయంగా ఆయన భుజం తట్టి, ఇంగ్లీషులో అందరికీ వినబడేలా అన్నాడు: "చూశారా, చివరి మ్యాచ్ కూడా ఎగ్గొట్టడట. అదీ క్రమశిక్షణ."

చప్పట్లతో గది మారుమోగింది. ఇకేర్ ప్లేటు కింద పెట్టి పరుగున వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఆ పిల్లవాడి కళ్ళల్లో నీళ్ళు. "నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం? మీ పోస్టరు నా గదిలో ఉంది" అన్నాడు. ఆకుపచ్చ శాలువాలో నిలువుగా బిగుసుకుపోయిన రమీరో, మెడకు వేలాడుతూ ఏడుస్తున్న ఇకేర్: విలేకరి తీసిన ఫోటో అది. కింద ఏం రాస్తాడో వేరే చెప్పాలా?

పొద్దున్నే లిండా నన్ను పిలిచింది. బల్ల మీద పత్రిక ఉంది.

"ప్రకాశ్, రమీరో రిటైర్ అవుతున్నట్టు నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్."

"మరి నువ్వెందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు మేడమ్. గౌరవించాను."

"ఆ పెద్ద టోర్నమెంటువాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. వెళ్ళిపోయే మనిషికి చోటెందుకని వైల్డ్ కార్డు ఇకేర్‌కు ఇచ్చేస్తున్నారు. నీ గౌరవం సంగతి వాళ్ళకు నువ్వే రాయి."

రాశాను. శాలువా కప్పడం మా సంప్రదాయంలో ఆదరణకు గుర్తే గాని విరమణకు గుర్తు కాదని, ఒకటిన్నర పేజీలో, సవినయంగా విన్నవించుకున్నాను. పావుగంటలో జవాబు వచ్చింది: 'ధన్యవాదాలు. ఇంతకుముందు మీరు ఎవరెవరికి కప్పారు?' జాబితా గుర్తు చేసుకున్నాను. ఒక హెడ్మాస్టరు, ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక బ్యాంకు మేనేజరు, డాక్టర్ గారు. ఒక్కరూ సర్వీసులో లేరు.

ప్రాక్టీసు కోర్టులో రమీరో బంతిని గోడకు కొడుతున్నాడు. గోడ మీద జాలి వేసింది. దగ్గరికి వెళ్ళి జరిగినదంతా ఒప్పుకున్నాను.

"నేను ముసలివాణ్ణని పత్రికలు చెప్పాయి" అన్నాడు ఆయన, బంతి కొడుతూనే. "నా మోకాలు చెప్పింది. మా అమ్మ ప్రతి ఆదివారం చెబుతుంది. దుప్పటి కప్పి మరీ చెప్పింది మీరే."

"అది దుప్పటి కాదు సార్, శాలువా."

"ఇంకొక్క మాట మాట్లాడకు."

మధ్యాహ్నం మ్యాచ్. మామూలుగా మొదటి రౌండుకు మా హాల్లో యాభై మంది కూర్చుంటే గొప్ప. ఆ రోజు కుర్చీలు చాలక మెట్ల మీద నిలబడ్డారు. పేపరు చూసి వీడ్కోలు చెప్పడానికి వచ్చిన జనం. రమీరో పాయింటు గెలిస్తే కన్నీళ్ళు, పోగొట్టుకుంటే ఇంకా ఎక్కువ కన్నీళ్ళు. రెండుసార్లు ఆట ఆపి "నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు" అని అరిచాడు. ఎంత నిబ్బరమో చూడండని జనం లేచి నిలబడ్డారు. ఆ కోపంలో ఆయన కొట్టిన ఫోర్‌హ్యాండ్లు చూసి లైన్ జడ్జి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. మూడు గంటలు ఆడి, మూడో సెట్టు టైబ్రేకులో ఓడిపోయాడు. ఇకేర్ గెలిచి కూడా ఎవరింట్లోనో వస్తువు పగలగొట్టినవాడిలా తల దించుకుని వచ్చాడు.

నేను డెస్కు సర్దుకుని, రాజీనామా పత్రానికి మంచి నమూనా ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాను. అప్పుడు లిండా ఫోనులో మాట్లాడుతూనే వచ్చింది. రమీరో ఐసు కోసం అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఆ టోర్నమెంటువాళ్ళు" అంది. "నిండిన హాలు వీడియో చూశారట. వైల్డ్ కార్డు మళ్ళీ నీకే రమీరో. కానీ వీడ్కోలు మ్యాచ్ అని ప్రకటించాలట. సెంటర్ కోర్టు ఇస్తారు."

"మరి ఇకేర్?"

"కుర్రాడికి కాళ్ళున్నాయి, ముందు జరిగే క్వాలిఫైయింగ్ పోటీలు ఆడుకుని వస్తాడు అన్నారు."

అంతకంటే ఎక్కువ కోపం నాకు జీవితంలో రాలేదు. ఇరవై ఏళ్ళు ఆడినవాడికి ఆడతానంటే చోటు లేదట, పోతానంటే సెంటర్ కోర్టట. గెలిచిన కుర్రాణ్ణి వీధి గుమ్మం దాకా పంపి, క్యూలో నిలబడి రమ్మంటారట. వెంటనే ఒక ఉత్తరం రాయడానికి కాగితం లాక్కున్నాను. రమీరో ఆ కాగితం మీద చేయి పెట్టాడు.

"ఒప్పుకుంటున్నానని చెప్పు" అన్నాడు లిండాతో.

"మీరు రిటైర్ అవుతారా సార్?" అని అడిగాను.

"వీడ్కోలు చెబుతాను. వెళ్తానని ఎక్కడా సంతకం పెట్టడం లేదు కదా?"

ఆయన సంతకం పెట్టలేదు. ఇకేర్ క్వాలిఫైయింగ్‌లో మూడు మ్యాచులు గెలిచి తనంతట తాను లోపలికి వచ్చాడు. నా కాంట్రాక్టు పొడిగించలేదు, అది వేరే సంగతి. రమీరో ఆ వారం వీడ్కోలు చెప్పాడు. తరువాతి నెల మరో ఊళ్ళో చెప్పాడు. నలభై ఒక్కేళ్ళ వయసులో ఈనాటికీ చెబుతూనే ఉన్నాడు, పోయిన ప్రతిచోటా వైల్డ్ కార్డు ఇచ్చి హాలు నింపుకుంటున్నారు. మొన్న ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. క్షేమ సమాచారం లేదు, కృతజ్ఞతలు అంతకన్నా లేవు. ఒకటే ప్రశ్న: 'వచ్చే నెల ఎడ్మంటన్. అక్కడ తెలుగువాళ్ళు ఉన్నారా?'

ఉన్నారని, అధ్యక్షుడి నంబరుతో సహా పంపాను.

కనుక, నిండు మనసుతో, స్పృహలో ఉండి ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఉద్యోగంలో ఉన్న ఏ మనిషినీ నేను బహిరంగంగా గౌరవించను. ఎవరి మీదనైనా అభిమానం పొంగితే గదిలో తలుపు వేసుకుని, అది తగ్గేదాకా మంచినీళ్ళు తాగుతాను. ఎడ్మంటన్‌లో జరగబోయేదానితో నాకు ఎటువంటి సంబంధమూ లేదు. పత్రం మాత్రం నేను రాసిందే చదువుతారట.