బిడ్డ మెడలో తాయెత్తు

మీ బిడ్డ కళ్లముందే కొయ్యబారి పడిపోతే, మీ చెయ్యి ముందు దేన్ని వెతుకుతుంది?

మగ్గం నేసే ఒక నాయన చెయ్యి దారంతా కూతురి మెడలోని తాయెత్తు మీదే ఉండేది. తొంభైల్లో, ధర్మవరం నుంచి బెంగళూరు పోయే ప్యాసింజరులో ఆ తండ్రీకూతుళ్లు నా ఎదుట కూర్చున్నారు.

"ఇది కట్టినాక నెల నుంచి ఫిట్సు రాలేదప్పా. మాత్రలు మాన్పించినా. బాగైతే లాల్‌బాగ్ చూపిస్తానని చెప్పింటి, పిల్చుకోని పోతాండా," అన్నాడు నాయన.

"ఆ తోటలో గాజుమేడ ఉండాదంట!" అంది ఎనిమిదేళ్ల పిల్ల.

పెనుకొండ దాటగానే ఆ పిల్ల బిగుసుకుపోయి కిందికి జారింది. నోట నురగ. "తాళంచెవులు పెట్టండి!" అని అందరూ అరిచారు. ఎవరో తాళాల గుత్తిని పిల్ల పిడికిట్లో కుక్కారు. నేను దాన్ని లాగేసి, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నాయన మాత్రం తాయెత్తును వదల్లేదు. కాసేపటికి పిల్ల కొట్టుకోవడం ఆగింది.

హిందూపురంలో కళ్లు తెరిచింది. "లాల్‌బాగ్ వచ్చిందా నాయనా?"

"లేదమ్మా. ముందు ఈడ దిగి డాక్టరు తావకు పోదాం." నావైపు తిరిగి, "ఈ తాయెత్తు తెంపితే ఏమన్నా అయితాదేమోప్పా" అన్నాడు.

నాకు కోపం రాలేదు, భయమేసింది. ప్రాణంగా చూసుకునే చెయ్యే మందు ఆపేసింది.

మీరూ బిడ్డకు మాత్రలు మాన్పించారా? ఇప్పుడే లేవండి. బిడ్డను డాక్టరుకు చూపించండి.