అంగట్లో దొరకని సవరం

నా చిన్నప్పుడు, బెంగళూరు చిక్కపేట వెనక మా సందులో, ఆడపిల్ల పరువంతా జడలోనే ఉండేది. నాకా జడే లేకుండా పోయింది. విషజ్వరంలో తల కాగిపోతుంటే జుట్టంతా కత్తిరించేశారు. ప్రాణం దక్కింది గానీ జుట్టు మళ్లీ మెడ దాటడానికి మొరాయించింది. సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లకి ఎదురెళ్లి ఆరతి తట్ట పట్టాల్సింది నేను. ఆరతి పట్టే పిల్లకి మా వైపు మొగ్గు జడ వేస్తారు. మల్లెమొగ్గలు నారకి కూర్చి జడ పొడవునా కుడతారు, బరువుగా ఉంటుంది. జడే లేనిదానికి మొగ్గలు ఎక్కడ కుడతారు చెప్పండి.

"బోడిది ఆరతి పడతాదంట" అని మా పెదనాన్న కూతురు నవ్వింది. తట్ట తన చేతికొస్తుందని దాని ఆశ. నేను అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.

మా అవ్వ ఓదార్చలేదు, తిట్టలేదు. మర్నాడు చేయి పట్టుకుని పేటలో సవరాల అంగడికి తీసుకుపోయింది. "నువ్వే ఏరుకో అమ్మీ. నేను నోరు తెరిచేది లేదు" అంది.

అంగడాయన చాప మీద రకాలు పరిచాడు. నల్ల పట్టుదారాలది ఒకటి, నిగనిగలాడుతూ నా మోకాళ్ల దాకా ఉంది. జడలబర్రె తోక వెంట్రుకలది ఇంకొకటి. మనిషి జుట్టుది మరొకటి. నా కళ్లు పట్టుదాని మీదే నిలిచిపోయాయి. అవ్వ దాన్నే నా పొట్టి జుట్టులో కలిపి అల్లి, "ఇప్పుడు వీధిలో ఒంటికాలి మీద ఎగిరి రాపో" అంది.

నాలుగడుగులు ఎగిరానో లేదో, అది జారి బండి చక్రం దగ్గర పడింది. "పాపా, తోక ఊడిపోయె" అన్నాడు బండి లాగే ఆయన. సందంతా నవ్వింది. పెళ్లిలో అట్లా పడుంటే నా గతేమిటని అప్పుడు తట్టింది. తోక వెంట్రుకలది ఊడలేదు గానీ చీపురులా మెడంతా గుచ్చింది. మనిషి జుట్టుది మెత్తగానే ఉంది, కానీ నాది ఉంగరాల జుట్టు. నా జుట్టు అయిపోయిన చోటినుంచి ఎవరిదో జడ మొదలైనట్టుంది.

ఏడుపు మొహంతో లోపలికొస్తే చాప మీద ఇందాక చూడనిది ఒకటి ఉంది. నడుము దాకే ఉంది. ఒక పాయ ఎర్రగా, ఒక పాయ నల్లగా, అక్కడక్కడా ఉంగరాలు తిరిగి ఉంది. దానికి అందమేమీ లేదు. అవ్వ అల్లింది. ఎగిరాను. సందు చివరిదాకా పరుగెత్తి వచ్చాను. కదలలేదు. అద్దంలో చూసుకుంటే నాది ఎక్కడ ఆగిందో, అది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

"ఇదే కావాల. ఎంత?" అని అడిగాను.

అంగడాయన నవ్వాడు. "అది నాది కాదు పాపా. మీ అవ్వ కొంగు మూటలోంచి వచ్చిండాది."

మా ఇంట్లో దువ్వెనకొచ్చిన వెంట్రుకలు పారేసే అలవాటు లేదు. చుట్ట చుట్టి గూట్లో గుడ్డసంచిలో వేస్తారు. అవ్వ కోడలిగా వచ్చినప్పటివి, అమ్మవి, అక్కవి, జ్వరంలో నాకు కత్తిరించినవి, అన్నీ కలిపి నేను మంచం మీద ఉండగానే అవ్వ సవరం కట్టించింది.

"ముందే ఇచ్చుంటే పాతజుట్టని మూతి తిప్పుకోని పోయేదానివి. అందుకే ఎగిరించినా" అంది.

పెళ్లినాడు తట్ట పట్టుకుని ఎదురెళ్లాను. పెళ్లికొడుకు మేనత్త నా జడ చేత్తో ఎత్తి చూసింది. "సవరం బాగుండాది. ఏ అంగట్లో కొన్నారు?" మా పెదనాన్న కూతురు మెడ సాచి చూసింది.

"అంగడిది కాదత్తా. మా అవ్వది, మా అమ్మది, మా అక్కది, నాది" అన్నాను.

ఆమె జడ మెల్లగా కిందికి వదిలింది. "అయితే ఈ ఇంటి ఆడోళ్లంతా ఎదురొచ్చినట్టే కదప్పా" అంది వెనక్కి తిరిగి తన వాళ్లతో. మా అవ్వ తల ఎత్తుకుని నిలబడిన తీరు నాకింకా కళ్లకు కడుతుంది.

నాకు చదువు రాదు, సంతకం వరకే. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. మా ఆయన పోయాక పూలు మానేశాను గానీ, దువ్వెనకొచ్చిన వెంట్రుక ఇప్పటికీ పారేయను. ఇంత తెల్లజుట్టు ఎవరికవ్వా అని ఇది నవ్వుతోంది. నవ్వనీ. దీనికి జడ తక్కువైననాడు ఏ అంగడికి కావాలంటే ఆ అంగడికి నేనే తీసుకుపోతాను. ముందు ఎగరమంటాను. సవరం మాత్రం నా కొంగులోనే ఉంటుంది.