ముందు తన తలకే

మెల్‌బోర్న్‌లో నేను మొదట చేరిన ఎంబ్రాయిడరీ షాపులో, ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు ఆంటీ ఒకరు ఉండేవారు. ఎనభైల చివరి మాట. కొత్త డిజైన్‌తో కుట్టిన మొదటి టోపీని ఆవిడ ముందు తన తలకే పెట్టుకుని అద్దంలో చూసుకునేవారు. నెరిసిన జుట్టు మీద క్రికెట్ టోపీ చూసి మేం నవ్వినా పట్టించుకునేవారు కాదు.

చేరిన మూడో వారం, ఒక పల్లెటూళ్లో మంటలార్పే ఫైర్ వాలంటీర్ల టోపీలు నాకు అప్పగించారు. అంతకుముందు వాళ్ల చొక్కాలకు కుట్టిన డిజైన్‌నే చిన్నది చేసి కుట్టేశాను. గుడ్డ మధ్యలో ఉబ్బింది, అక్షరాలు వంకరపోయాయి. ఆరు టోపీలు పాడయ్యాయి. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆంటీ ఒకటి తలకు పెట్టుకుని చూశారు.

“చొక్కా చదునుగుంటాది, టోపీ గుండ్రంగుంటాది అమ్మాయ్. ఓ చివర నుంచి కుడితే గుడ్డని తోసుకుంటా పోతాది. నడుమ నుంచి రెండు పక్కలకీ కుట్టాల. అక్షరాలు కూడా లావు చెయ్యి.”

ఇద్దరం కూర్చుని కుట్టు వరస మొత్తం మార్చాం. ఏడో టోపీ నున్నగా వచ్చింది. అంతలో సూపర్‌వైజర్ వచ్చి, పాడైనవి ఎవరు కుట్టారని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆంటీ ఇంగ్లీషులో, అక్కడివాళ్లు ఎవరినైనా పిలిచినట్టే ‘లవ్’ అని పిలుస్తూ, “మేమిద్దరమే లవ్, శాంపిల్స్ కుట్టి చూశాం” అన్నారు. అతను ఏడో టోపీని తిప్పి చూసి, తలూపి వెళ్లిపోయాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“దారం ఎక్కించు, ఇంకా బోలెడున్నాయి” అన్నారావిడ.

సాయంత్రం దాకా కుట్టాను. ఒక్కో టోపీనీ ముందు నా తలకే పెట్టుకుని చూశాను.